ఓటు అడిగిన మహారాజు: బస్తర్ బాగు గురించి ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్ వాదన ఏమిటి?

బస్తర్ అనగానే తెలుగు పాఠకులకు మొదట గుర్తుకు వచ్చేది ఎదురుకాల్పుల వార్త. మందుపాతర, కూంబింగ్, లొంగుబాటు అనే మూడు మాటల్లో ఆ ప్రాంతమంతా ఇమిడిపోయినట్టు నాలుగు దశాబ్దాలుగా చదువుతున్నాం. అయితే ఆ అడవిలోకి తుపాకీ రాజకీయం రాకముందే ఓటు రాజకీయం వచ్చింది. అదీ మామూలుగా రాలేదు. ఒక మాజీ మహారాజు రూపంలో వచ్చింది. 1957లో జగదల్‌పూర్ శాసనసభ స్థానం నుంచి గెలిచి, రెండేళ్లకే పదవి వదులుకొని, 1961లో నిర్బంధానికి గురై, 1966 మార్చి 25న తన రాజప్రాసాదంలోనే పోలీసు కాల్పుల్లో మరణించిన ప్రవీర్ చంద్ర భంజ్ దేవ్ ఆ రాజకీయానికి కేంద్ర బిందువు. ఆదివాసీ సమాజం బాగుపడాలంటే ఏం జరగాలో ఆయన చెప్పిన మాటల్లో కొన్ని కాలం చెల్లినవి. కొన్ని నేటి ఎన్నికల సభల్లోనూ వినిపిస్తున్నవి. రెంటినీ వేరు చేసి చూడటం ఈ వ్యాసం ఉద్దేశం.

ఓరుగల్లు నుంచి జగదల్‌పూర్ దాకా

ప్రవీర్ వంశం తెలుగువారికి పరాయిది కాదు. 1323లో ఢిల్లీ సేనల చేతిలో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు గోదావరి దాటి ఈశాన్యంగా వెళ్లి బస్తర్‌లో రాజ్యం స్థాపించాడని ఆ వంశ సంప్రదాయం చెబుతుంది. దంతేవాడలోని దంతేశ్వరీ దేవి వారి కులదేవత. 2022 జులైలో వరంగల్‌లో ప్రారంభమైన కాకతీయ వైభవ సప్తాహానికి ఆ వంశీయుడు కమల్ చంద్ర భంజ్ దేవ్‌ను ముఖ్య అతిథిగా ఆహ్వానించినప్పుడు నగరం ఆయనకు ఎంత ఘనంగా స్వాగతం పలికిందో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆయన ప్రవీర్ తమ్ముడు విజయ్ చంద్రకు మనుమడు.

కాకతీయుల వంశానికి ఒడిశాలోని మయూర్‌భంజ్ వారి ఇంటిపేరు ఎలా వచ్చిందన్న సందేహం సహజం. 1921లో రాజా రుద్రప్రతాప్ దేవ్ మగ సంతానం లేకుండా మరణించగా ఆయన కుమార్తె ప్రఫుల్ల కుమారి దేవి బస్తర్ గద్దె ఎక్కారు. ఆమె భర్త మయూర్‌భంజ్ రాజకుటుంబానికి చెందిన ప్రఫుల్ల చంద్ర భంజ్ దేవ్. 1936లో ఆమె లండన్‌లో మరణించారు. 1929లో పుట్టిన ప్రవీర్ అప్పటికి ఏడేళ్లు కూడా నిండని బాలుడు. రాజ్యాన్ని ఆంగ్లేయ అధికారులు నడిపారు. పూర్తి అధికారాలు చేతికి వచ్చేసరికి 1947 వచ్చింది. 1948 జనవరి 1 నుంచి బస్తర్, దాని పక్కనున్న కాంకేర్ సంస్థానాలు అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్ అండ్ బేరార్‌లో కలిసిపోయి ఒకే జిల్లా అయ్యాయి. రాజుగా ఆయన స్వయంగా పాలించింది నెలల లెక్కే.

ఆ జిల్లా విస్తీర్ణం 39 వేల చదరపు కిలోమీటర్లకు పైమాటే. కేరళ రాష్ట్రం కంటే కొద్దిగా పెద్దది. ఇప్పుడు అదే నేల మీద బస్తర్, కొండగావ్, కాంకేర్, నారాయణపూర్, దంతేవాడ, బీజాపూర్, సుక్మా అని ఏడు జిల్లాలు ఉన్నాయి. మురియా, మాడియా, హల్బా, భత్రా, ధుర్వా, దొర్లా తెగలకు అది నివాసం. దక్షిణాన శబరి ఒడ్డున ఉన్న కొంటా, ఇంద్రావతి దిగువన ఉన్న భోపాలపట్నం పరిసరాల్లో తెలుగు నేటికీ సంతభాష. దొర్లాలు మాట్లాడే మాట మన కోయల మాటకు దగ్గరగా ఉంటుంది.

భూమ్‌కాల్ జ్ఞాపకం

ప్రవీర్ రాజకీయం అర్థం కావాలంటే ఆయన పుట్టకముందు జరిగిన ఒక సంఘటన తెలియాలి. ఇరవయ్యో శతాబ్దం తొలి దశకంలో ఆంగ్లేయ పాలకులు అడవిలో పెద్ద భాగాన్ని రిజర్వు చేయడానికి పూనుకున్నారు. పోడు మీద, వేట మీద, వంటచెరకు మీద ఆంక్షలు వచ్చాయి. వెట్టిచాకిరీ, సారా కాంట్రాక్టులు, అధికారుల దోపిడీ దానికి తోడయ్యాయి. 1910లో మామిడి కొమ్మలు, మిరపకాయలు, బాణాలు ఊరి నుంచి ఊరికి సందేశంగా ప్రయాణించాయి. గుండాధుర్ పేరుతో చరిత్రకెక్కిన ఆ తిరుగుబాటును స్థానికులు భూమ్‌కాల్ అంటారు. భూమి కంపించడం అని దాని అర్థం. సైన్యం వచ్చి అణచివేసినా, రిజర్వు చేయదలచిన అడవి విస్తీర్ణాన్ని తగ్గించుకోక తప్పలేదు.

ఆ తిరుగుబాటు రాజు మీద కాదు, రాజు పేరిట పాలించిన అధికారుల మీద అన్న భావన జనంలో నిలిచిపోయింది. స్వాతంత్ర్యం తర్వాత అధికారులు మారారు, అడవి శాఖ మారలేదు. రాజు మాత్రం జగదల్‌పూర్‌లోనే ఉన్నాడు. ఆ స్థితిలో ఓటు హక్కు వచ్చింది.

1952 ఫలితం

తొలి సార్వత్రిక ఎన్నికల్లో బస్తర్ లోక్‌సభ స్థానం నుంచి ముచాకి కోస అనే ఆదివాసీ స్వతంత్ర అభ్యర్థిగా నిలిచారు. ఆయన వెనుక మహారాజు అండ ఉంది. పోలైన ఓట్లలో ఆయనకు 83 శాతానికి పైగా వచ్చాయి. కాంగ్రెస్ అభ్యర్థి మీద మెజారిటీ లక్షా నలభై వేలకు పైమాటే. దేశమంతటా కాంగ్రెస్ గాలి వీచిన ఎన్నికల్లో ఇలాంటి ఫలితం వచ్చిన చోట్లు చాలా తక్కువ.

ఈ దెబ్బ నుంచి కాంగ్రెస్ నేర్చుకున్న పాఠం ఆచరణాత్మకమైనది: మహారాజును ఓడించలేకపోతే కలుపుకోవాలి. 1953లో ప్రభుత్వం ఆయన ఆస్తిని కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అధీనంలోకి తీసుకుంది. మైనర్ల ఆస్తులను, స్వయంగా నిర్వహించుకోలేరని ప్రభుత్వం భావించిన వారి ఆస్తులను అధికారుల చేత నడిపించే పాత ఏర్పాటు అది. ప్రవీర్ డబ్బును లెక్కాపత్రం లేకుండా పంచిపెడుతున్నారన్నది అధికారుల ఆరోపణ. వచ్చినవారికి నోట్లు పంచే అలవాటు ఆయనకు నిజంగానే ఉండేది. 1955లో ఆయన ఆదివాసీ కిసాన్ మజ్దూర్ సేవా సంఘ్ నెలకొల్పారు. 1957 ఎన్నికలు వచ్చేసరికి కాంగ్రెస్ ఆయనను తన అభ్యర్థిగా నిలబెట్టింది. జగదల్‌పూర్ నుంచి ఆయన గెలిచారు. అదే ఏడాది లోక్‌సభ స్థానం కూడా కాంగ్రెస్‌కే దక్కింది. ఎవరికి ఎవరి అవసరం ఎక్కువో ఈ రెండు ఫలితాలు పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది.

చెట్టు ఎవరిది?

శాసనసభ్యుడిగా ఉన్న కాలంలో, ఆ తర్వాత ప్రవీర్ పట్టుకున్న ప్రశ్నల్లో అన్నింటికన్నా బరువైనది చెట్టుకు సంబంధించినది. బస్తర్ పొలాల గట్ల మీద, పట్టా భూముల్లో టేకు, సాల వృక్షాలు విస్తారంగా ఉండేవి. సంస్థాన కాలంలో భూమి రైతుదైనా విలువైన చెట్టు రాజ్యానిది. 1950ల నడుమ భూచట్టాల మార్పుతో పట్టాదారుకు తన భూమిలోని చెట్టు మీద కూడా హక్కు వచ్చింది. దీనినే అక్కడ మాలిక్ మక్బూజా అంటారు. యజమాని స్వాధీనంలో ఉన్నది అని అర్థం.

కాగితం మీద ఇది ఆదివాసీకి దక్కిన వరం. ఆచరణలో కలప వ్యాపారికి దక్కింది. చదువురాని రైతుకు తన చెట్టు విలువ తెలియదు. నగదు ఎన్నడూ చూడని చేతికి కొన్ని రూపాయలు, ఒక సీసా సారా అందితే వేలిముద్ర పడేది. కొన్నిచోట్ల భూమినే మరో ఆదివాసీ పేరుతో బినామీగా కొని, చెట్లు నరికించి, నేలను వదిలేసేవారు. పట్వారీ హద్దు చూపాలి, అటవీ సిబ్బంది చెట్టుకు ముద్ర వేయాలి, రెవెన్యూ అధికారి అనుమతి ఇవ్వాలి. అంటే ఏ ఒక్కరి సహకారం లేకపోయినా ఈ వ్యాపారం సాగదు. సాగింది కాబట్టి అందరి సహకారమూ ఉన్నట్టే. ప్రభుత్వం కూడా ఈ మోసాన్ని గుర్తించింది. ఆదివాసీల చెట్ల హక్కుల పరిరక్షణకు 1956లోనే మధ్యప్రదేశ్‌లో ప్రత్యేక చట్టం వచ్చింది. కలెక్టరు అనుమతి లేకుండా ఆదివాసీ చెట్టు అమ్మడానికి వీల్లేదని దాని సారం. అయినా దోపిడీ ఆగలేదు.

ఆదివాసీ బాగుపడాలంటే ముందు ఈ దోపిడీ ఆగాలన్నది ప్రవీర్ వైఖరి. తన చెట్టుకు, తన పంటకు న్యాయమైన ధర దక్కకుండా బడి కట్టినా, రోడ్డు వేసినా ఆ రోడ్డు మీద వెళ్లేది కలప లారీయే అన్న వాదనకు అప్పటి బస్తర్ అనుభవమే సాక్ష్యం. ఆయన ఊహించని విషయం ఒకటుంది. నలభై ఏళ్ల తర్వాత, 1990ల్లో అదే మాలిక్ మక్బూజా పేరుతో బస్తర్‌లో అంతకంటే పెద్ద కుంభకోణం బయటపడింది. లోకాయుక్త విచారణ జరిగింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లి, సీబీఐ చేతికి వెళ్లింది. చట్టం ఉంది, కలెక్టరు అనుమతి నిబంధన ఉంది, ముద్రలూ ఉన్నాయి. చెట్లు మాత్రం లేవు.

ఆదివాసీ భూమి గిరిజనేతరుల చేతికి వెళ్లడం తెలుగు రాష్ట్రాలకు కొత్త సంగతి కాదు. 1959 నాటి భూబదలాయింపు నిబంధనలకు 1970లో చేసిన సవరణ, అంటే మనం వన్ ఆఫ్ సెవెంటీ అని పిలుచుకునే చట్టం, షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరునికి భూమి బదలాయింపును నిషేధించింది. 1997 నాటి సమత తీర్పు ఆ రక్షణను గనుల లీజులకూ వర్తింపజేసింది. బస్తర్‌కు వర్తించే మధ్యప్రదేశ్ భూరెవెన్యూ చట్టంలోని 165వ సెక్షన్ కూడా ఇలాంటి రక్షణే కల్పిస్తుంది. అన్యాక్రాంతమైన ఆదివాసీ భూమిని తిరిగి ఇప్పించే 170-బి సెక్షన్ 1980లో చేరింది. నేల మీది హక్కుకు ఇంత కాపలా పెట్టుకున్న చట్టాలు ఆ నేల మీది చెట్టు విషయంలో ఎంత బలహీనమో మాలిక్ మక్బూజా చూపించింది.

రాజు కష్టం, ప్రజల కష్టం

ప్రవీర్ కోరికల జాబితాలో రెండు రకాలు కలగలిసి ఉంటాయి. భూమి, చెట్టు, అటవీ సిబ్బంది వేధింపులు, వ్యాపారుల మోసం, 1960ల నడుమ కరువు కాలంలో వడ్ల లెవీ, ఇవి ప్రజల కష్టాలు. కోర్ట్ ఆఫ్ వార్డ్స్ నుంచి ఆస్తి విడుదల, మహారాజుగా గుర్తింపు, దసరా రథోత్సవంలో తన స్థానం, ఇవి ఆయన సొంత కష్టాలు. తన మనసులో ఆయన ఈ రెంటినీ ఎన్నడూ వేరు చేసుకున్నట్టు కనిపించదు. రాజు ఆస్తి ప్రజలదే, రాజుకు జరిగిన అవమానం దంతేశ్వరికి జరిగిన అవమానమే అన్నది ఆయన లెక్క. ఆంగ్లంలో ఆయన రాసుకున్న చిన్న పుస్తకానికి పెట్టిన పేరే ‘ఐ ప్రవీర్, ది ఆదివాసీ గాడ్’. తనను తాను ఆదివాసీల దేవుడిగా చెప్పుకున్న అభ్యర్థిని ప్రజాస్వామ్యవాదిగా చూపడం కష్టమే.

అయినా ఓటర్ల వైపు నుంచి చూస్తే ఇందులో తర్కం ఉంది. బస్తర్ దసరా డెబ్బై అయిదు రోజుల పండుగ. రావణునితో దానికి సంబంధం లేదు. అది దంతేశ్వరి పండుగ. రథానికి కలప తెచ్చేది ఒక ఊరివారు, తాళ్లు పేనేది మరొక ఊరివారు, రథం లాగేది ఇంకొకరు. ప్రతి తెగకూ, ప్రతి పరగణాకూ అందులో ఒక పని, ఒక హక్కు ఉన్నాయి. ఆ హక్కులన్నిటికీ మధ్యలో నిలిచే మనిషి దేవికి ప్రధాన పూజారి అయిన రాజు. తహసీల్దారు కచేరీలో నిలబడి మాట్లాడలేని మాంఝీ రాజు ముందు కూర్చుని మాట్లాడగలడు. తమ గోడు వినే ఒక్క ద్వారం అదేనని వారు భావించినప్పుడు ఆ ద్వారం మూసేయడం వారికి రాజు సొంత వ్యవహారంగా తోచలేదు. బస్తర్ చరిత్రను విస్తృతంగా పరిశోధించిన నందిని సుందర్ వంటి పండితులు కూడా ఈ రాజభక్తిని గుడ్డి విశ్వాసంగా కొట్టిపారేయలేదు. రాజ్యవ్యవస్థ మీద తమ హక్కును ప్రకటించుకునే ఒక మార్గంగానే చూశారు.

1959లో ప్రవీర్ శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. కాంగ్రెస్‌తో తెగిపోయింది. ఆ తర్వాత ఘర్షణ వేగంగా పెరిగింది.

లోహండీగూడ, మొదటిసారి

1961 ఫిబ్రవరి 11న ప్రవీర్‌ను నివారక నిర్బంధ చట్టం కింద అరెస్టు చేశారు. ఆ మరునాడే రాష్ట్రపతి ఉత్తర్వుతో మహారాజుగా ఆయనకున్న గుర్తింపు రద్దయింది. తమ్ముడు విజయ్ చంద్రను గుర్తించారు. ఢిల్లీలో ఇది ఒక దస్త్రం మీద సంతకం. బస్తర్‌లో మాత్రం ఇంతకాలం మొక్కిన మనిషిని దించి వేరొకరిని కూర్చోబెట్టడం.

మార్చి 31, శుక్రవారం. జగదల్‌పూర్‌కు పడమర, చిత్రకూట్ జలపాతానికి వెళ్లే దారిలో ఉన్న లోహండీగూడలో సంత రోజు. మహారాజును తిరిగి తేవాలంటూ వేలాది ఆదివాసీలు చేరారు. పోలీసులు కాల్పులు జరిపారు. పలువురు మరణించారు. స్వతంత్ర భారతంలో ఆదివాసీల మీద జరిగిన తొలి పెద్ద కాల్పుల్లో ఇదొకటి. కొన్ని నెలల్లోనే ప్రవీర్ విడుదలై జగదల్‌పూర్ చేరారు. గుర్తింపు మాత్రం తిరిగి రాలేదు.

కానీ 1962 వచ్చింది. గుర్తింపు కోల్పోయిన మహారాజు పేరుతో నిలిచిన అభ్యర్థులు జిల్లాలోని అసెంబ్లీ స్థానాల్లో అత్యధికం గెలుచుకున్నారు. లోక్‌సభ స్థానంలో స్వతంత్ర అభ్యర్థి లఖ్మూ భవానీ గెలిచారు. తుపాకీకి జవాబు ఓటుతో వచ్చిన ఎన్నిక అది. బస్తర్ గురించి రాసేటప్పుడు ఈ మాట తరచుగా మరుగున పడిపోతుంది.

1966 మార్చి 25

1965, 66 సంవత్సరాల్లో దేశం కరువులో ఉంది. పండిన వడ్లలో కొంత ప్రభుత్వానికి నిర్ణీత ధరకు ఇవ్వాలన్న లెవీ విధానం బస్తర్‌లోనూ అమలైంది. మిగులు లేని చోట లెవీ అంటే తిండిగింజలే. ప్రవీర్ దానిని వ్యతిరేకించారు. ఆదివాసీ స్త్రీలు పెద్ద సంఖ్యలో ఆందోళనల్లోకి వచ్చారు. అప్పటి ముఖ్యమంత్రి ద్వారకా ప్రసాద్ మిశ్రా ప్రభుత్వానికి ఇది శాంతిభద్రతల సమస్యగా కనిపించింది.

మార్చి 25న జగదల్‌పూర్ రాజప్రాసాద ఆవరణలో చేరిన ఆదివాసీలకు, పోలీసులకు మధ్య ఘర్షణ మొదలైంది. ఒకవైపు విల్లంబులు, మరోవైపు రైఫిళ్లు. ఆ ఘర్షణ ముగిసేసరికి ప్రవీర్ తన భవనంలోనే కాల్పుల్లో మరణించారు. ఆయనకు అప్పటికి ముప్పై ఏడేళ్లు నిండలేదు. అధికారిక లెక్క ప్రకారం ఆయనతో కలిపి మృతులు 12 మంది. బస్తర్ ఊళ్లలో చెప్పుకునే లెక్క అంతకు ఎన్నో రెట్లు. పార్లమెంటులో దుమారం రేగింది. మధ్యప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి కె.ఎల్. పాండే కమిషన్ విచారణ జరిపింది. ఆయన మరణం గురించిన వాదోపవాదాలు ఆ నివేదికతో ముగియలేదు.

మరుసటి ఏడాది, 1967లో, బస్తర్ లోక్‌సభ స్థానం మళ్లీ ఒక స్వతంత్ర అభ్యర్థికే దక్కింది. 1971లోనూ అంతే. ఆ కాలంలోనే బాబా బిహారీ దాస్ అనే సాధువు తానే ప్రవీర్‌నని, తూటాల వల్ల ఒంటి రంగు నల్లబడిందని ప్రచారం చేసుకోగా వేలమంది నమ్మారు. ఆయన మాట విని మాంసం, మద్యం మాని తులసి పూసలు మెడలో వేసుకున్నారు. చనిపోయిన అభ్యర్థి పేరు కూడా ఓట్లు తెచ్చిపెట్టే ప్రాంతంలో రాజకీయ పక్షాలు ఆ సాధువును పట్టించుకోకుండా ఎలా ఉంటాయి? అత్యవసర పరిస్థితి కాలంలో ఆయన అరెస్టుతో ఆ అధ్యాయం ముగిసింది.

ఇనుము దారి

ప్రవీర్ కన్నుమూసిన రెండేళ్లకు, 1968లో, బైలదిల కొండల్లో ఇనుప ఖనిజం తవ్వకం మొదలైంది. ఈ కథ తెలుగు నేలతో గట్టిగా ముడిపడింది. తవ్వేది హైదరాబాద్ ప్రధాన కేంద్రంగా ఉన్న ఎన్‌ఎండీసీ. ఖనిజం దిగేది కిరండూల్ నుంచి అరకు మీదుగా కొత్తవలస చేరే రైలు మార్గంలో. ఓడ ఎక్కేది విశాఖలో. కొన్న మొదటి దేశం జపాన్. అరకు రైలు ప్రయాణంలో ఎదురయ్యే ఆ పొడవాటి ఎర్రమట్టి రంగు గూడ్సు బండ్లు బైలదిలవే.

చెట్టు ప్రశ్న స్థానంలో గని ప్రశ్న వచ్చింది. ఖనిజం ఎవరిది, ఉద్యోగం ఎవరికి, ఎర్రబడిన వాగు నీళ్లకు బాధ్యత ఎవరిది అన్నవి ఆ తర్వాతి అభ్యర్థులందరి ప్రసంగాల్లోకి చేరాయి. 2019 జూన్‌లో బైలదిల పదమూడవ నంబరు నిక్షేపం ఉన్న నందరాజ్ కొండ తమ దేవుని కొండ అంటూ వేలాది ఆదివాసీలు కిరండూల్‌లో రోజుల తరబడి బైఠాయించారు. 2023 అక్టోబరు 3న జగదల్‌పూర్ సమీపంలోని నగర్నార్ ఉక్కు కర్మాగారాన్ని ప్రధాని జాతికి అంకితం చేశారు. ఖనిజం వెళ్లిపోవడమే తప్ప స్థానికంగా ఉక్కు తయారు కాలేదన్న పాత ఫిర్యాదుకు అది అర్ధశతాబ్దం తర్వాత వచ్చిన సమాధానం. దానిని ప్రైవేటు సంస్థకు అమ్ముతారా అన్నది వెంటనే పుట్టిన కొత్త ఎన్నికల ప్రశ్న.

లోహండీగూడ, రెండోసారి

2005లో టాటా స్టీల్ సంస్థ ఉక్కు కర్మాగారం కోసం రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం కుదుర్చుకుంది. ఎంచుకున్న చోటు లోహండీగూడ. పది గ్రామాల్లో 1,707 మంది రైతులకు చెందిన సుమారు 1,764 హెక్టార్ల సేకరణ మొదలైంది. గ్రామసభ సమ్మతి సక్రమంగా తీసుకోలేదని స్థానికులు ఆరోపించారు. ఆందోళనలు, అరెస్టులు నడిచాయి. కర్మాగారం రాలేదు. 2016లో సంస్థ వెనుదిరిగింది. 2018లో అధికారంలోకి వచ్చిన రాష్ట్ర ప్రభుత్వం ఆ భూమిని తిరిగి రైతుల పేర రాసింది. 2019 ఫిబ్రవరిలో పత్రాల పంపిణీ జరిగింది. సేకరించిన భూమిని పరిశ్రమ రాకపోతే వెనక్కి ఇవ్వడం దేశంలో అరుదు. ఎన్నికల వాగ్దానంగా మొదలై అమలైన సందర్భం మరీ అరుదు.

ఈ వివాదానికి చట్టపరమైన ఆధారం 1996 నాటి పెసా చట్టం. దిలీప్ సింగ్ భూరియా కమిటీ సిఫారసుల మీద వచ్చిన ఈ చట్టం అయిదో షెడ్యూలు ప్రాంతాల్లో భూసేకరణకు ముందు గ్రామసభను సంప్రదించడం తప్పనిసరి చేసింది. చిన్న తరహా అటవీ ఫలసాయం మీద యాజమాన్యం గ్రామసభకు ఇచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దీనికి 2011లో నియమావళి రూపొందించుకుంది. ఛత్తీస్‌గఢ్ నియమావళి 2022 ఆగస్టులో గానీ రాలేదు. చట్టానికీ నియమావళికీ మధ్య ఇరవై ఆరేళ్లు.

తర్వాతి అభ్యర్థులు

ప్రవీర్ తర్వాత బస్తర్‌లో ఓటు అడిగినవారి ఆలోచనలు వేర్వేరు దారులు పట్టాయి. కొంటా నుంచి శాసనసభకు ఎన్నికైన సీపీఐ నాయకుడు మనీశ్ కుంజాం ఆదివాసీ మహాసభ తరఫున ఆరో షెడ్యూలు తరహా స్వయంపాలన కోరారు. ఈశాన్య రాష్ట్రాల్లోని స్వయంప్రతిపత్తి మండలుల వంటి వ్యవస్థ బస్తర్‌కూ కావాలన్నది ఆ వాదన. 2005లో మొదలైన సల్వాజుడుంను ఆయన వ్యతిరేకించారు. దాని మీద సుప్రీంకోర్టుకు వెళ్లినవారిలో ఆయన ఒకరు. విశాఖకు చెందిన మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ, నందిని సుందర్, రామచంద్ర గుహ మరో పిటిషన్ వేశారు. 2011 జులై 5న తెలుగువాడైన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ సురీందర్ సింగ్ నిజ్జర్ ధర్మాసనం ఆదివాసీ యువకులను ప్రత్యేక పోలీసులుగా ఆయుధాలిచ్చి మావోయిస్టుల మీదికి పంపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పు ఇచ్చింది.

సల్వాజుడుంకు నాయకత్వం వహించిన మహేంద్ర కర్మ కూడా ఒకప్పుడు ఇదే బస్తర్ నుంచి స్వతంత్రునిగా లోక్‌సభకు గెలిచినవారే. ఆ ఏడాది 1996. 2013 మే 25న దర్భా లోయలో మావోయిస్టుల దాడిలో ఆయన మరణించారు.

2014లో ఆమ్ ఆద్మీ పార్టీ అభ్యర్థిగా సోనీ సోరీ నిలిచారు. మావోయిస్టు సంబంధాల ఆరోపణపై అరెస్టయి, కస్టడీలో హింసకు గురయ్యానని చెప్పి, సుప్రీంకోర్టు బెయిలుతో బయటకు వచ్చి కొన్ని వారాలే అయింది. వృత్తిరీత్యా ఉపాధ్యాయురాలు. జైళ్లలో మగ్గుతున్న ఆదివాసీల కేసులు, గ్రామసభ హక్కులు, బడులు ఆమె ప్రచారాంశాలు. గెలుపునకు ఆమె చాలా దూరంలో ఆగిపోయారు. 2022 మార్చిలో దంతేవాడ న్యాయస్థానం ఆమెను చివరి కేసులోనూ నిర్దోషిగా విడుదల చేసింది.

ఇదే చోట నోటా గురించి చెప్పాలి. 2014లో బస్తర్‌లో దాదాపు 38 వేలు, 2019లో 41 వేలకు పైగా ఓట్లు ఎవరూ వద్దన్న మీటకు పడ్డాయి. ఇవి దేశంలోనే అధిక సంఖ్యలు. బ్యాలట్ యంత్రంలో చిట్టచివరి మీట నొక్కడం పొరపాటని కొందరు, నిరసన అని కొందరు అంటారు. మైళ్ల దూరం నడిచి, వేలికి సిరా పూయించుకోవడమే ప్రమాదమైన ఊళ్ల నుంచి వచ్చి వేసిన ఓటును పొరపాటు అనడానికి మనసొప్పదు.

2024 ఏప్రిల్ 19న జరిగిన ఎన్నికల్లో భారతీయ జనతా పార్టీ అభ్యర్థి మహేశ్ కశ్యప్, కాంగ్రెస్ అభ్యర్థి కవాసీ లఖ్మాపై 55 వేలకు పైగా ఆధిక్యంతో గెలిచారు. మతమార్పిడి, ఆదివాసీ సంస్కృతి పరిరక్షణ, రహదారులు, భద్రత ఒక పక్షం మాటలు. నీరు, అడవి, భూమి, నగర్నార్ మరో పక్షం మాటలు. ఈ స్థానం పరిధిలోని ఎనిమిది అసెంబ్లీ సెగ్మెంట్లలో ఏడు షెడ్యూల్డ్ తెగలకు కేటాయించినవి. మిగిలిన ఒక్క జనరల్ స్థానం ప్రవీర్ గెలిచిన జగదల్‌పూర్.

మురియా దర్బార్

బస్తర్ దసరా చివరి రోజుల్లో జగదల్‌పూర్‌లో మురియా దర్బార్ జరుగుతుంది. 1876లో మురియాల తిరుగుబాటు తర్వాత ఫిర్యాదులు వినడానికి మొదలైన సభ అది. పరగణాల మాంఝీలు, చాల్కీలు, పూజారులు తలపాగాలు చుట్టుకొని వచ్చి తమ ఊళ్ల సంగతులు ఒక్కొక్కటిగా చెబుతారు. ఒకప్పుడు రాజు కూర్చుని వినేవాడు. ఇప్పుడు ముఖ్యమంత్రి వింటారు. 2025 అక్టోబరు 4న కేంద్ర హోంమంత్రి అమిత్ షా ఈ దర్బార్‌కు హాజరయ్యారు.